ఆగుడు పాట

నేను కట్టిన పాటకి నేను పెట్టుకున్న పేరు ఎవరికీ గుర్తు లేదు. ఉద్దానం తీరంలో ఇప్పటికీ ఎవరైనా దాని ఊసెత్తితే "ఆగుడు పాట" అనే అంటారు. అందులో గిటారు ఉంది, గిటారు కింద గుండెల మీద గుద్దే డ్రమ్ము ఉంది, నెలల తరబడి నా చాకిరీ ఉంది. అవన్నీ వదిలేసి, ఏమీ లేని ఆ కాసేపు మాత్రమే జనానికి గుర్తుండిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇదంతా మా మావ అట్టపెట్టెతో మొదలైంది. మా అమ్మకి అన్నయ్య. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చాలా ఏళ్ళు పనిచేసి, నేను హైస్కూల్లో ఉండగా ముందే రిటైర్మెంటు తీసుకుని కాశీబుగ్గ వచ్చేశాడు. మా వైపు నుంచి ఖరగ్‌పూర్ వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు ఇనప మంచాలూ కుర్చీలూ తెచ్చుకుంటారు. మావ మాత్రం ఒక అట్టపెట్టె నిండా ఇంగ్లీషు రాక్ పాటల క్యాసెట్లు తెచ్చాడు. క్వార్టర్స్‌లో పక్కింట్లో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన దేశం విడిచి వెళ్తూ ఇచ్చేశాడట. వాటి అట్టల మీద ఆడవాళ్ళకి కూడా లేనంత జుట్టున్న మగాళ్ళు చొక్కా గుండీలు విప్పుకుని నిలబడి ఉండేవారు. మా అత్త ఆ బొమ్మలు కనపడకుండా పెట్టెని మంచం కిందకి తోసేసేది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక, జీడిపిక్కల ఫ్యాక్టరీ పొగ లోపలికి రాకుండా మావ కిటికీ మూసి, టేప్ రికార్డరు పెట్టేవాడు. నేను సెలవు రోజుల్లో వెళ్ళి నేల మీద కూర్చునేవాణ్ణి. వాళ్ళేం పాడుతున్నారో మావకీ అంతంత మాత్రమే, నాకు అసలే తెలియదు. ఒక పాట ఉండేది. గిటారూ డ్రమ్ములూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయి పోయి, సరిగ్గా మధ్యలో అన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. టేపు తిరిగే గరగర మాత్రం సన్నగా వినపడేది. అప్పుడు మావ చూపుడువేలు పైకెత్తి అలాగే ఉంచేవాడు. నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. వేలు కిందకి దిగడం, గిటారు వచ్చి మా మీద పడటం ఒకేసారి జరిగేవి. ఒళ్ళంతా జలదరించేది. ఆ గదిలో నాకు దొరికింది నలుగురికీ దొరకాలని అప్పుడే అనిపించిందో ఏమో, తర్వాత నేను చేసిన పనులన్నీ దాని వెంటే పోయాయి.

డిగ్రీ అయ్యాక కాశీబుగ్గలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. పగలంతా శుభలేఖలూ దరఖాస్తులూ టైపు చేయడం, సినిమా పాటలు సీడీల్లోకి ఎక్కించి ఇవ్వడం. ఒకసారి విశాఖలో చదువుతున్న స్నేహితుడు ఒక సీడీ ఇచ్చాడు. వింటే, విదేశాల్లో ఎవరో పాత రాక్ పాటల్లోంచి చిన్న చిన్న ముక్కలు కోసి, వాటినే తిప్పి తిప్పి వాయిస్తూ, కింద మెషీను డ్రమ్ము పరిచి, డాన్సు పాటలు చేశారు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఇలాంటి పని కూడా ఒకటి ఉంటుందని అప్పటిదాకా తెలియదు. మావ మంచం కింద అట్టపెట్టె ఉంది, నా ముందు కంప్యూటరు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

చాలా కావాలని త్వరలోనే తెలిసింది. టేప్ రికార్డరు నుంచి కంప్యూటరుకి వేసిన వైరులో గుర్రుమని శబ్దం వచ్చేది. ఆ వైరు అతికించడానికి టెక్కలిలో ఒక రేడియో మెకానిక్కు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళానో. పాత క్యాసెట్లు సాగిపోయి, ఒక్కొక్క చోట ఒక్కొక్క వేగంతో నడిచేవి. గిటారు ముక్క కోసి డ్రమ్ము మీద పెడితే, మొదట్లో కలిసినట్టే ఉండి, పోను పోను గిటారు వెనకబడిపోయేది. వెంట్రుకవాసి కోసి మళ్ళీ పెట్టేవాణ్ణి. ఈసారి ముందుకి పోయేది. పోనీ కుదిరింది అనుకునే సమయానికి కరెంటు పోయేది. కరెంటు ఉన్నప్పుడు కంప్యూటరు బిగుసుకుపోయేది. రెండూ బాగున్నప్పుడు ఎవరో ఒకరు వచ్చి, కులం సర్టిఫికెట్ దరఖాస్తు అర్జెంటుగా కొట్టమనేవారు. పళ్ళు నూరుకుంటూ కొట్టి ఇచ్చేవాణ్ణి.

మావకి చెప్పకుండా చేయడం ఇష్టం లేక, ఒకరోజు కొంత తయారైంది తీసుకెళ్ళి వినిపించాను. ఆయన చివరిదాకా విని, టేప్ రికార్డరు ఆపేశాడు.

"ఏట్రా అల్లుడా ఇది? ఆళ్ళు పాటంతా పాడినారు కదా, అంతా ఇనలేవా? బాగున్న గుండు పప్పుని ముక్కలు సేసి అమ్ముతావేటి?"

పలాస, కాశీబుగ్గల్లో పుట్టినవాడికి ఇంతకన్నా పెద్ద తిట్టు ఉండదు. జీడిపప్పు విరగకుండా నిండుగా వస్తేనే మా ఊళ్ళో దానికి విలువ.

"ముక్క కాదు మావా, నువ్వు వేలు ఎత్తీ చోటుందే, అక్కడికి తీసుకెల్తన్నాను," అన్నాను.

"అక్కడికి ఎల్లాలంటే ముందునుంచీ నడిసి ఎల్లాల," అని కళ్ళు మూసుకున్నాడు. అలా అన్నవాడు క్యాసెట్లు మాత్రం వెనక్కి అడగలేదు.

ఇక మా బావ. అక్క మొగుడు. ఆయనకి మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకీ, అమ్మవారి సంబరాలకీ ఉద్దానం పల్లెలన్నీ ఆయనే తిరిగేవాడు. పెద్ద పెద్ద బాక్సులు, కొబ్బరిచెట్లకి కట్టే హారన్లు, ఒక జనరేటరు. నా పాట జనం చెవిన పడాలంటే ఆ బాక్సుల గుండానే పడాలి. వేరే దారి లేదు. ఆయనేమో సినిమా పాట తప్ప ఇంకొకటి పెట్టడు.

"మాటల్లేవు కదా బావా ఇందులోన. మాటల్లేకపోతే జనం ఏటి పాడుకుంతారు?" అనేవాడు.

"పాడుకోడానికి కాదు బావా, ఎగరడానికి."

"ఎగరడానికైనా మాటలుండాల."

బతిమాలితే నందిగాం దగ్గర ఒక పెళ్ళిలో పెట్టాడు. మొదలైన కాసేపటికే పెళ్ళికూతురి తండ్రి వచ్చి, క్యాసెట్టు పాడైపోయినట్టుంది, ఒకే చోట తిరుగుతోంది, మార్చండి అన్నాడు. గిటారు ముక్క మళ్ళీ మళ్ళీ రావడమే ఆ పాట పద్ధతి అని ఆయనకి చెప్పబోయాను. బావ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, పాట మార్చేశాడు. పాటలో ఆగే చోటుదాకా అసలు పోనే లేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

అయినా వదల్లేదు. మరుసటి వేసవిలో వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లెలో గంగమ్మ సంబరానికి బావ మైకు కట్టాడు. అంతా చేపల వేట మీద బతికేవాళ్ళు. గుజరాత్ బోట్లలో పనికి వెళ్ళి వచ్చిన కుర్రాళ్ళు ఉంటారు, వాళ్ళు కొత్తదైనా ఎగురుతారు, అక్కడ పెట్టనీ అని ఒప్పించాను. మావని కూడా బస్సులో తీసుకెళ్ళాను. ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన వేలు ఎత్తడం చూడాలి, ఆ వేలితో పాటు ఊరంతా ఊపిరి బిగబట్టడం చూడాలి. నాకు కావలసింది అంతే.

పొద్దు వాలే వేళ పాట వేశాను. నిజం చెప్పాలి, బాగా మొదలైంది. ఇసక మీద కుర్రాళ్ళు ముందు భుజాలు ఆడించారు, తర్వాత కాళ్ళు కదిపారు. బావ నా వైపు చూసి తలూపాడు. గిటారూ డ్రమ్మూ పైకి పైకి పోయాయి. అన్నీ ఆగిపోయాయి.

నేను మావ వేలు చూద్దామని తిరిగాను. ఆయన ఎత్తాడు కూడా. కానీ ఆయన వెనక ఊరు ఊరంతా ఇళ్ళల్లోంచి బయటికి వస్తోంది. చేతిలో గరిటెతో ఒకావిడ, సగం జడతో ఒక పిల్ల, పేకముక్కలు ఇసకలో పడేసి మగాళ్ళు. ఒక్కరూ మైకు వైపు చూడటం లేదు. కొందరు సముద్రం వైపు, కొందరు సందు మొదట్లో ఉన్న ఎస్టీడీ బూతు వైపు చూస్తున్నారు. అంతలో గిటారు వచ్చి విరుచుకుపడింది. నా జీవితంలో నేను చేసిన పనుల్లో అంత కుదిరిన చోటు ఇంకొకటి లేదు. ఒక్క కాలు కదల్లేదు.

బావ పరుగెత్తుకొచ్చి పాట తీసేసి, ఏదో భక్తి పాట పెట్టాడు. చేపలు ఎండబెట్టుకునే ఒక మామ్మ, మైకు పెట్టిన పాకకి ఎదురిల్లే ఆవిడది, రొప్పుతూ నా దగ్గరికి వచ్చింది.

"ఎవలు బాబూ మైకు ఆపింది? ఏ కబురొచ్చింది?"

"కబురేటీ లేదు మామ్మా. పాటలోనే అలగుంది."

"పాటలోన ఆగిపోడం ఏటి? నా గుండి ఆగిపోనాది. నా సిన్నకొడుకు గుజరాత్‌ల బోటు మీద ఉన్నాడు. మైకు ఆగితే నాకు ముందు ఆడే కనపడతాడు."

అప్పటికి గాని నాకు ఆ ఊరి పద్ధతి తెలియలేదు. సంబరంలో మైకు పొద్దున్న మొదలైతే, ముగిసేదాకా నోరు మూయకూడదు. జనరేటరుకి డీజిల్ పోయాలన్నా ముందుగా మైకులో చెప్పి ఆపుతారు. చెప్పకుండా ఆగిందంటే ఒకటే అర్థం. సముద్రం మీద ఎవరికో ఏదో అయింది, కబురు వచ్చింది. ఏడుపు వినపడే ఇంటి పక్కన పాట వినపడకూడదని, ఎవరికీ ఏమీ చెప్పకముందే మైకు కట్టేస్తారు. ఆ తర్వాత దానిలో ఎవరూ మాట్లాడరు. మైకు ఆగడమే అక్కడ చావు కబురు. బావకి ఇది తెలుసు. నా పాటలో ఆగే చోటు ఉందని ఆయనకి తెలియదు. తెలిసేదెలా, నందిగాంలో ఎవరైనా అక్కడిదాకా విననిస్తే కదా.

తిరుగు బస్సులో మావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ ఆగుడు బాగుందిరా," అన్నాడు.

ఆ మాట కోసం ఎన్ని ఏళ్ళు కాచుకున్నానో, అది వచ్చిన వేళ మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపంతో కాశీబుగ్గ దాకా కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నాను.

ఆ చోటు తీసేయమని బావ అన్నాడు. తీసి చూశాను. గిటారు మీద గిటారు వచ్చి పడితే దానికి బరువే లేదు. ఈల పెట్టి నింపాను, తప్పెట పెట్టి నింపాను, సముద్రం హోరు కూడా రికార్డు చేసి పెట్టాను. ఏది పెట్టినా ముష్టి పాటే. తీసేది లేదని బావతో తగువు వేసుకున్నాను. అక్క మధ్యలో నలిగిపోయి, "మీ ఇద్దరి గోల్లోన నాను ఏ కాలవలోనైనా పడతాను," అనేది.

ఇంతలో చిత్రం ఏమిటంటే, ఆ ఊరి కుర్రాళ్ళే ఆ పాట అడగడం మొదలుపెట్టారు. గుజరాత్ నుంచి సెలవులకి వచ్చినవాళ్ళు పెళ్ళిళ్ళలో బావ దగ్గరికి వచ్చి, "ఆ ఆగుడు పాట ఎయ్యి బాబూ," అన్నారట. నాకు గాల్లో తేలినట్టయింది. వెళ్ళి చూస్తే తెలిసింది. వాళ్ళకి గిటారు అక్కర్లేదు, ముక్క ఎంత బాగా అతికిందో అక్కర్లేదు. పాట ఆగగానే ఎక్కడివాళ్ళు అక్కడ బొమ్మల్లా నిలబడిపోవాలి, కదిలినవాడు ఓడినట్టు. ఒంటికాలి మీద ఒకడు, చేతులు పైకెత్తి ఒకడు. గిటారు రాగానే ఆట అయిపోయినట్టు, నవ్వుకుంటూ మంచినీళ్ళకి పోయేవారు. నేను ప్రాణం పెట్టిన చోటు మొదలయ్యేసరికి ఇసక మీద ఎవరూ ఉండేవారు కాదు.

పెద్దవాళ్ళు భయపడకుండా బావ ఇంకొక ఏర్పాటు చేశాడు. పాట ఆగే ముందు, సరిగ్గా గిటారు పైకి పోతున్నప్పుడు, మైకు అందుకుని, "అమ్మా, అయ్యా, ఇప్పుడు పాట కూసింతసేపు ఆగుతాది, కబురేటీ లేదు, ఎవలూ గాబరా పడకండి," అనేవాడు. అన్నీ కలిసి ఎగిసే చోట, దాని నడినెత్తి మీద ఈ ప్రకటన. నాకు ఆ మైకు లాక్కుని సముద్రంలో పారేయాలనిపించేది.

"నువ్వు మాటాడితే పాట సచ్చిపోతంది బావా," అని మొత్తుకునేవాణ్ణి.

"పాట సస్తే సావనీ. ముసిలోళ్ళు సావకూడదు," అనేవాడు.

ఏడాదో రెండేళ్ళో ఆ పోరు నడిచింది. పోను పోను అందరికీ అలవాటైపోయింది. ఆగడం ఎప్పుడు వస్తుందో పసిపిల్లలకి కూడా తెలిసిపోయింది. "ఇంక నువ్వు సెప్పక్కర్లేదు బావా, ఆళ్ళకి తెలుసు," అని పట్టుబట్టాను. ఆయనకీ విసుగు పుట్టి మానేశాడు. మొదటిసారి ప్రకటన లేకుండా పాట పాటలా వినపడిన రోజున ఎదురింటి మామ్మ బయటికి రాలేదు. తన గుమ్మంలో కూర్చుని చేపలు తిరగేస్తూ, పక్కావిడతో, "ఆ గుంటడి పాటేలే," అంది. గుంటడంటే మా వైపు కుర్రాడు. నాకు అది బిరుదు ఇచ్చినట్టే అనిపించింది. ఒక ఊరు నా నిశ్శబ్దాన్ని గుర్తుపట్టింది అనుకున్నాను. గిటారు ఎవరూ వినకపోతే పోయింది, ఇదైనా దక్కింది.

ఆ ఏడు గుజరాత్‌లో బోట్ల పని ముగియకముందే సంబరం వచ్చింది. సగం మంది కుర్రాళ్ళు ఇంకా రాలేదు. మామ్మ చిన్నకొడుకూ రాలేదు. సీజను అయ్యాక వస్తానని ఫోనులో చెప్పాడట. సంబరంలో చెప్పుకుని ఆవిడ మురిసిపోయింది. మధ్యాహ్నం పూట, ఎండ మండుతుండగా, పిల్లలు గోల చేస్తే నా పాట పెట్టాను.

గిటారు ఇంకా పైకి ఎక్కుతోంది. ఎస్టీడీ బూతు ఆయన సందు మొదట్లోంచి నడిచి వస్తున్నాడు. పరుగెత్తడం లేదు. పాకలోకి వచ్చి బావ చెవిలో ఏదో చెప్పాడు. బావ మామ్మ ఇంటి వైపు ఒకసారి చూసి, చెయ్యి చాపి మైకు కట్టేశాడు.

ఇసక మీద అందరూ నిలబడిపోయారు. ఒంటికాలి మీద ఒకడు, చేతులు పైకెత్తి ఒకడు. నవ్వు ఆపుకుంటూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. ఎవరైనా బయటికి వస్తారేమో అని చూశాను. ఒక్క ఇంట్లోంచీ ఎవరూ రాలేదు. ఎదురుగా మామ్మ తల కూడా ఎత్తలేదు. చేప తిరగేసింది, ఇంకో చేప తిరగేసింది.

రావాల్సిన గిటారు రాలేదు. ఒకడు తూలి కాలు కింద పెట్టాడు. మిగతావాళ్ళు వాణ్ణి వెక్కిరించారు.

"ఎంతసేపు బాబూ, ఎయ్యి," అని అరిచారు.

ఆ ఊళ్ళో మైకు ఆగాక మళ్ళీ మాట్లాడాల్సిన అవసరం అంతకుముందు ఎప్పుడూ రాలేదట. బావ మైకు మళ్ళీ వేశాడు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"నానెలగ సెప్పను? నీ పాట కాదని నువ్వే సెప్పు," అన్నాడు.

నాకు ఆయన మీద కోపం వచ్చింది, నవ్వుతున్న వాళ్ళ మీద కోపం వచ్చింది, తల ఎత్తని మామ్మ మీద కూడా కోపం వచ్చింది. మావ ఎత్తిన వేలు ఎందుకో గుర్తొచ్చింది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"ఇది పాట కాదు," అన్నాను.

ముందు కొందరు నవ్వారు. మామ్మ చేతిలోని చేపని చాప మీద పెట్టి, లేచి నిలబడింది.